లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై తెగితే ఎక్కడ వెతకాలి, కలిశాక ఎలా కాపాడుకోవాలి

లైనక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయనప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లను అర్థం చూడకుండా ఒకదాని తరువాత ఒకటి టెర్మినల్‌లో అతికిస్తారు. వాటిలో ఏదో ఒకటి తగిలి వైఫై వచ్చినా, ఏది తగిలిందో తెలియదు కనుక మరోసారి పోయినప్పుడు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఏదీ తగలకపోతే అసలు లోపానికి తోడు కొత్తగా తెచ్చుకున్న లోపాలు రెండు మిగులుతాయి. కార్డును కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) గుర్తించడం, ఆ కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్ అందడం, రేడియో తెరిచి ఉండడం, నెట్‌వర్క్ పేరు కనిపించడం, పాస్‌వర్డ్‌ను రౌటర్ ఒప్పుకోవడం, ఐపీ అడ్రస్ రావడం, వెబ్‌సైట్ పేర్లు అడ్రస్‌లుగా మారడం అనే ఏడు పనులూ ఇదే వరుసలో జరిగితేనే బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది. ఈ వరుసలో ఎక్కడ తెగిందో తెలిస్తే మరమ్మతు చాలాసార్లు ఒక్క కమాండుతో పూర్తవుతుంది. అందుకే ఈ వ్యాసం కూడా అదే వరుసలో నడుస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ’ అని ఉన్నచోట ఆ ఐదు అక్షరాలనూ కలిపి ఒకే మాటగా కొట్టాలి. ‘డ్యాష్’ అని ఉన్నచోట అడ్డగీత పెట్టి, ఆ తరువాతి అక్షరాలను ఖాళీ వదలకుండా రాయాలి. ప్యాకేజీ, సెట్టింగ్ పేర్ల మధ్యలో వచ్చే డ్యాష్, చుక్క, అండర్‌స్కోర్‌లకు అటూ ఇటూ ఖాళీ ఉండదు. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను. ఉదాహరణలన్నీ, కనెక్షన్లను నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రామ్‌ను వాడే ఉబుంటు, డెబియన్, ఫెడోరా డెస్క్‌టాప్‌లకు వర్తిస్తాయి.

కార్డు కనిపిస్తోందా?

ముందుగా ఈ కమాండ్ ఇవ్వండి:

ఎల్‌ఎస్‌పీసీఐ డ్యాష్ ఎన్‌ఎన్‌కే

వచ్చిన పెద్ద జాబితాలో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న పంక్తిని వెతకండి. యూఎస్‌బీకి తగిలించే చిన్న వైఫై డాంగిల్ వాడుతుంటే అది ఈ జాబితాలో ఉండదు కాబట్టి ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అనే కమాండులో చూడాలి. ఎల్‌ఎస్‌పీసీఐ చూపిన పంక్తి చివర చదరపు బ్రాకెట్లలో, మధ్యలో రెండు చుక్కలతో, నాలుగేసి అక్షరాల సంకేతాలు రెండు ఉంటాయి. మొదటిది తయారీ సంస్థది (8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్), రెండవది ఆ కార్డుది. సహాయం కోసం వెతికేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు కంటే ఈ సంకేతాల జంటనే వాడండి. ఒకే మోడల్ పేరుతో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో వేర్వేరు సంస్థల కార్డులు ఉండడం సాధారణం కనుక, మీ పక్కింటివారికి పనిచేసిన పరిష్కారం మీకు పనిచేయకపోవచ్చు.

ఆ పంక్తి కిందనే ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అని ఉండి, దాని పక్కన ఒక పేరు ఉండాలి. ఇంటెల్ కార్డులకు ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్ కొత్త కార్డులకు ఆర్‌టీడబ్ల్యూతో మొదలయ్యే పేరు, క్వాల్‌కామ్ ఎథెరోస్ కార్డులకు ఏటీహెచ్10కే లేదా ఏటీహెచ్11కేతో మొదలయ్యే పేరు కనిపిస్తుంది. కార్డు పేరు ఉండి డ్రైవర్ పంక్తి లేకపోతే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: మీ కెర్నల్ కంటే కార్డు కొత్తదై ఉండాలి, లేదా ఆ కార్డు డ్రైవర్ కెర్నల్‌లో కలవనిదై ఉండాలి. మొదటిదాన్ని తేల్చుకోవడానికి, కొత్త విడుదల ఒకదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా అక్కడి నుంచే నడిపి చూడండి. అందులో వైఫై వస్తే మీ సిస్టమ్‌కు కావలసింది కొత్త కెర్నలే. రెండవదానికి పాత బ్రాడ్‌కామ్ కార్డులు చాలాకాలంగా పేరుపడిన ఉదాహరణ. ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే చోట వాటికి కావలసిన డ్రైవర్ దొరుకుతుంది.

ఇలా విడిగా చేర్చుకున్న డ్రైవర్ సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న యంత్రంలో సంతకం లేదన్న కారణంతో ఆగిపోవచ్చు. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అన్న సందేశం కనిపిస్తే సంగతి అదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ అడిగి, రీబూట్ అవగానే నీలిరంగు తెర ఒకటి చూపిస్తుంది. చాలామంది ఆ తెర ఏమిటో తెలియక ‘కంటిన్యూ’ నొక్కి దాటేస్తారు. అక్కడ ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇస్తేనే డ్రైవర్‌కు అనుమతి దొరుకుతుంది. సెక్యూర్ బూట్‌ను ఆపేయమనే సలహాలు మీకు ఎన్నో కనిపిస్తాయి కానీ, ఐదు నిమిషాల పనిని తప్పించుకోవడానికి ఒక రక్షణను శాశ్వతంగా వదులుకోవడం లాభసాటి బేరం కాదని నా అభిప్రాయం.

వైఫై లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలన్న సందేహం ఇక్కడ సహజం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని వైరు కనెక్షన్‌గా వెంటనే గుర్తిస్తుంది. కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే రకం కాకుండా చూసుకుంటే చాలు.

ఫర్మ్‌వేర్ అందిందా?

డ్రైవర్ ఉన్నా, కార్డు లోపలి చిప్ నడవడానికి తయారీ సంస్థ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైలు కూడా కావాలి. అది అందిందో లేదో కెర్నల్ సందేశాల్లో తెలుస్తుంది. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ (సుడో అంటే నిర్వాహకుడి హక్కులతో నడపమని) అని కొట్టి, నిలువుగీత పెట్టి, దాని తరువాత ‘గ్రెప్ డ్యాష్ ఐ ఫర్మ్‌వేర్’ అని రాస్తే సంబంధించిన పంక్తులు మాత్రమే వస్తాయి. ‘ఫెయిల్డ్ విత్ ఎర్రర్ మైనస్ 2’ అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. మైనస్ 2 అంటే ఆ పేరుతో ఫైలు లేదని మాత్రమే అర్థం. కొన్ని డ్రైవర్లు కొత్త ఫైలుతో మొదలుపెట్టి పాతవాటి వైపు వరుసగా ప్రయత్నిస్తాయి కాబట్టి ఇలాంటి పంక్తులు రెండు మూడు వచ్చిన తరువాత ‘లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్’ అని ఉంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు.

ఈ చిక్కు ఎక్కువగా ఎదురయ్యేది పాత డెబియన్‌లో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల ప్రకారం అది సంస్థల ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతిని మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. అంతకు ముందటి సిస్టమ్ అయితే సోర్సుల జాబితాలో నాన్‌ఫ్రీ విభాగాన్ని చేర్చి, కార్డును బట్టి ఫర్మ్‌వేర్ డ్యాష్ ఐడబ్ల్యూఎల్‌వైఫై, ఫర్మ్‌వేర్ డ్యాష్ రియల్‌టెక్, ఫర్మ్‌వేర్ డ్యాష్ ఎథెరోస్ ప్యాకేజీల్లో తగినదాన్ని ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయాలి. ఉబుంటులో ఇవన్నీ లైనక్స్ డ్యాష్ ఫర్మ్‌వేర్ అనే ఒకే ప్యాకేజీలో ఉంటాయి.

రేడియోకు ఎవరు గడియ వేశారు?

ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్

ఈ కమాండ్ ప్రతి రేడియోకూ ‘సాఫ్ట్ బ్లాక్డ్’, ‘హార్డ్ బ్లాక్డ్’ అని రెండు పంక్తులు చూపిస్తుంది. సాఫ్ట్ పక్కన ‘యెస్’ (అవును) అని ఉంటే సాఫ్ట్‌వేరే ఆపిందన్నమాట. ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అంటే తెరుచుకుంటుంది. హార్డ్ పక్కన ‘యెస్’ ఉంటే మాత్రం ఏ కమాండూ దాన్ని తెరవలేదు. పాత ల్యాప్‌టాప్‌ల అంచున ఉండే చిన్న స్విచ్చు, కొత్తవాటిలో విమానం బొమ్మ ఉన్న మీట, లేదా బయోస్‌లోని సెట్టింగ్ దానికి కారణం కావచ్చు. విండోస్‌తో కలిపి రెండు సిస్టమ్‌లు నడిపే యంత్రాల్లో ఇంకో కారణం కూడా ఉంది. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ అన్నా అది పూర్తిగా ఆగదు, కార్డును సగం నిద్రలో వదిలేస్తుంది. విండోస్‌లో షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. ఆ తరువాత లైనక్స్‌లోకి వచ్చి చూడండి. అప్పుడు వైఫై వస్తే ఫాస్ట్ స్టార్టప్‌ను శాశ్వతంగా ఆపేయడం మేలు.

నెట్‌వర్క్ పేరు కనిపిస్తోందా?

ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ స్టేటస్

ఇందులో వైఫై పరికరం పేరు డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 వంటిది ఉంటుంది. పాత సిస్టమ్‌లలో ఇది డబ్ల్యూఎల్ఏఎన్0. దాని పక్కన ‘డిస్‌కనెక్టెడ్’ అని ఉంటే మంచిదే, కలవడానికి సిద్ధంగా ఉంది. ‘అన్‌అవైలబుల్’ అని ఉంటే రేడియోనో ఫర్మ్‌వేరో అడ్డుపడుతోంది కాబట్టి వెనక్కి వెళ్ళండి. ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కార్డు జోలికి పోవడం లేదని అర్థం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైఫై వాడిన డెబియన్‌లలో ఇది తరచు జరుగుతుంది. ఈటీసీ ఫోల్డరులోని నెట్‌వర్క్ ఫోల్డరులో ‘ఇంటర్‌ఫేసెస్’ అనే ఫైలు ఉంటుంది. అందులో పేరున్న పరికరాన్ని నెట్‌వర్క్‌మేనేజర్ ముట్టుకోదు. ఆ ఫైలుకు నకలు ఒకటి దాచుకుని, వైఫై పరికరం పంక్తుల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే సరిపోతుంది.

పరికరం సిద్ధంగా ఉంటే ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్’ అని కొట్టండి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల పేర్లు, ఛానళ్ళు, సిగ్నల్ బలం, భద్రత రకం వరుసగా వస్తాయి. అందరివీ కనిపించి మీది ఒక్కటే కనిపించకపోతే ఛానల్‌ను అనుమానించండి. ఏ దేశంలో ఏ ఛానళ్ళు వాడవచ్చో కెర్నల్ ఒక పట్టిక ప్రకారం నడుచుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానళ్ళు మన దేశంలో వాడుకోవచ్చు కానీ అమెరికా నియమాలతో నడిచే కార్డు వాటి వైపు చూడదు. 5 గిగాహెర్ట్జ్‌లో చాలా ఛానళ్ళను మన ప్రభుత్వం 2018లోనే లైసెన్స్ అవసరం లేకుండా విడుదల చేసింది. ‘ఐడబ్ల్యూ రెగ్ గెట్’ అంటే మీ యంత్రం ఏ దేశపు నియమాలు పాటిస్తోందో తెలుస్తుంది. 00 అని ఉంటే అన్ని దేశాలకూ సరిపడే అతి జాగ్రత్త పట్టిక నడుస్తోందన్నమాట. ‘సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్’ అని, చివర ఐ, ఎన్ అనే రెండు పెద్ద అక్షరాలు పెడితే భారతదేశపు పట్టికకు మారుతుంది. ఇంటెల్ కార్డుల్లో చాలావరకు ఈ నిర్ణయం కార్డే తీసుకుంటుంది కనుక కమాండ్ మాట చెల్లదు. అప్పుడు రౌటర్‌లోకి వెళ్ళి 2.4 గిగాహెర్ట్జ్‌కు 1, 6, 11లో ఒక ఛానల్‌ను, 5 గిగాహెర్ట్జ్‌కు 36ను ఎంచుకోవడమే సులువు.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిందా?

ఎన్‌ఎంసీఎల్‌ఐ డ్యాష్ డ్యాష్ ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్, ఆ తరువాత కోట్ గుర్తుల మధ్య నెట్‌వర్క్ పేరు

పాస్‌వర్డ్‌ను కమాండులోనే రాసే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. అలా రాస్తే అది టెర్మినల్ చరిత్ర ఫైలులో మామూలు అక్షరాల్లో మిగిలిపోతుంది. ‘ఆస్క్’ అని చేరిస్తే కమాండే విడిగా అడుగుతుంది. రౌటర్‌లో పాస్‌వర్డ్ మార్చిన తరువాత ల్యాప్‌టాప్ కలవకపోతే, లోపల దాచుకున్న పాత ప్రొఫైలే కారణం కావచ్చు. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ డిలీట్’ అని పేరు ఇచ్చి దాన్ని తీసేసి కొత్తగా కలవండి.

అప్పటికీ కుదరకపోతే లాగ్ చదవాలి. ‘జర్నల్‌సీటీఎల్ డ్యాష్ బీ డ్యాష్ యూ నెట్‌వర్క్‌మేనేజర్’ అని కొట్టండి. ఇక్కడ నెట్‌వర్క్‌లోని ఎన్, మేనేజర్‌లోని ఎం పెద్ద అక్షరాలు. డబ్ల్యూపీఏ సప్లికెంట్ (రౌటర్‌తో పాస్‌వర్డ్ సంగతి తేల్చుకునే ప్రోగ్రామ్) లాగ్‌లో ‘ఫోర్ వే హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్’ అన్న మాట ఉంటే నూటికి తొంభై పాళ్ళు పాస్‌వర్డ్ తప్పే. పాస్‌వర్డ్ సరైనదని మీకు ఖాయంగా తెలిసి, కార్డు పాతదై, రౌటర్ కొత్తదైతే, రౌటర్‌ను కాసేపు డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రత రకం నుంచి పాతదైన డబ్ల్యూపీఏ2కు మార్చి చూడండి. దీనితో కలిస్తే లోపం ఎక్కడుందో తేలినట్టే. పరీక్ష అయ్యాక మళ్ళీ మార్చడం మరచిపోకండి.

కలిసింది కానీ ఇంటర్నెట్ లేదు

ఇక్కడ మూడు పింగ్‌లు చాలు (పింగ్ అంటే ఒక అడ్రస్ పలుకుతోందో లేదో చూసే కమాండ్). ముందు ‘ఐపీ రూట్’ అని కొట్టి, ‘డిఫాల్ట్ వయా’ పక్కన ఉన్న అడ్రస్ చూడండి. అది మీ రౌటర్‌ది, సాధారణంగా 192.168.1.1 వంటిది. మొదట దానికి పింగ్ చేయండి. తరువాత 1.1.1.1కు, చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుకు చేయండి. రౌటరే పలకకపోతే సమస్య మీ గదిలోనే ఉంది. రౌటర్ పలికి 1.1.1.1 పలకకపోతే లైను ఇచ్చినవారికి ఫోన్ చేయాల్సిన సమయం, ల్యాప్‌టాప్‌ను ఇక వదిలేయండి. రెండూ పలికి పేరు మాత్రం పలకకపోతే పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తెగింది.

అసలు ‘డిఫాల్ట్’ పంక్తే లేకుండా, ‘ఐపీ అడ్రస్’ కమాండులో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. రౌటర్‌ను ఒకసారి ఆపి పెట్టడం ఇక్కడ నిజంగానే పనిచేసే చిట్కా. డీఎన్‌ఎస్ చిక్కు అయితే ఉబుంటు, ఫెడోరాలలో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ ఏ సర్వర్‌ను అడుగుతున్నదో చూపిస్తుంది. డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ఆ వైఫై పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కి, ఐపీవీ4 విభాగంలో డీఎన్‌ఎస్‌కు ఆటోమేటిక్ ఆపి 1.1.1.1 లేదా 8.8.8.8 పెట్టండి.

రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, హోటళ్ళలో కథ వేరు. అక్కడ ముందు ఒక లాగిన్ పేజీ రావాలి. మీరు డీఎన్‌ఎస్‌ను చేత్తో మార్చి ఉన్నా, వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఆ పేజీ రాకపోవచ్చు. రెండూ ఆపి, చివర ఎస్ లేని హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఏదైనా అడ్రస్ తెరవండి. ఇంకో చిత్రమైన సంగతి: పాత ల్యాప్‌టాప్‌లో లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు ప్రతి సైటూ సర్టిఫికెట్ లోపం చూపిస్తుంటే అందరూ వైఫైనే తిడతారు. గడియారం వైపు ఒకసారి చూడండి.

వచ్చి పోతూ ఉంటే

పదినిమిషాలకోసారి తెగడం, నిద్ర లేచాక కలవకపోవడం వంటివాటికి కార్డు కరెంటు పొదుపు తరచు కారణమవుతుంది. ‘ఐడబ్ల్యూ డెవ్’ అని, తరువాత మీ పరికరం పేరు, తరువాత ‘గెట్ పవర్ అండర్‌స్కోర్ సేవ్’ అని కొడితే ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ముందు సుడో చేర్చి, గెట్ స్థానంలో సెట్ అని, చివర ‘ఆఫ్’ అని చేరిస్తే తాత్కాలికంగా ఆగుతుంది. ఒక రోజంతా ఇలా నడిపి చూసి, తెగడం ఆగిందనుకుంటేనే శాశ్వతం చేయండి. ఉబుంటులో అయితే ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డరులోని కాన్ఫ్ డాట్ డీ ఫోల్డరులో ‘డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్’ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో 3 అని ఉన్నచోట 2 రాస్తే పొదుపు ఆగిపోతుంది. బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి.

సిగ్నల్ బలాన్ని ‘ఐడబ్ల్యూ డెవ్’, పరికరం పేరు, ‘లింక్’ అన్న కమాండ్ డీబీఎంలలో చెబుతుంది. అవి మైనస్ అంకెలు కనుక సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 అంటే రౌటర్ పక్కనే ఉన్నట్టు, మైనస్ 67 వరకు వీడియో కాల్స్ హాయిగా నడుస్తాయి, మైనస్ 80 దాటితే ఏ కమాండూ సహాయం చేయలేదు, రౌటర్‌నో కుర్చీనో జరపాలి. ఒకసారి నా డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పదే పదే తెగుతుంటే డ్రైవర్లు మారుస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. పక్క పోర్టులో పెట్టిన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తీసేసరికి అంతా నిలకడగా నడిచింది. యూఎస్‌బీ 3 నుంచి వెలువడే రేడియో శబ్దం సరిగ్గా ఆ పౌనఃపున్యాల దగ్గరే పడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను దూరం జరిపినా సరిపోతుంది.

ఇక భద్రత: ముందు రౌటర్

నెట్‌వర్క్‌ల జాబితాలో మీ పేరు పక్కన భద్రత రకం ఏముందో మళ్ళీ చూడండి. డబ్ల్యూఈపీ అని ఉంటే అది 2001లోనే ఛేదించబడిన తాళం, ఈ రోజే మార్చండి. 2004 నుంచి ఉన్న డబ్ల్యూపీఏ2, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మాత్రమే ఇప్పుడు వాడదగినవి. డబ్ల్యూపీఏ1, 2 కలిపి ఉన్న పద్ధతి ఇంకా నడుస్తుంటే మొదటిదాన్ని తీసేయండి.

డబ్ల్యూపీఏ2లో అసలు బలం మీ పాస్‌వర్డ్‌దే. మీ ఫోనో ల్యాప్‌టాపో రౌటర్‌తో కలిసే క్షణంలో గాలిలో జరిగే సంభాషణను బయట కూర్చున్నవాడు రికార్డు చేసుకుని, ఇంటికి తీసుకుపోయి, ఒక్కొక్క పాస్‌వర్డే సరిపోల్చి చూసుకోవచ్చు. రౌటర్‌కు ఆ సంగతే తెలియదు. మన ఇళ్ళలో వైఫైకి మొబైల్ నంబరు పెట్టే అలవాటు ఎంతగా ఉందో మీకు తెలుసు. ఇక్కడ లెక్క వేయండి. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లలో ఒక అంకెతో మొదలై పది అంకెలుంటాయి కాబట్టి మొత్తం 400 కోట్ల అవకాశాలు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 10 లక్షల పాస్‌వర్డ్‌లు సరిచూడగలదు. అంటే 4000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. మీ నంబరు ముందే తెలిసినవాడికి ఆ గంట కూడా అక్కరలేదు.

పాస్‌వర్డ్‌కు 63 అక్షరాల వరకు చోటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో ఒక అంకె పెడితే గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం. మాటలను పుస్తకం అక్కడక్కడ తెరిచి ఏరుకోండి. సామెతనో పద్యపాదాన్నో పెట్టవద్దు, అవి మీకొక్కరికే తెలిసినవి కావు.

పాస్‌వర్డ్ కొట్టకుండా రౌటర్ మీది బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలు కనుక పది కోట్ల అవకాశాలుండాలి. కానీ రౌటర్ దాన్ని రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటిని బట్టి వచ్చే తనిఖీ అంకె. కాబట్టి మొదటి సగానికి 10,000, రెండవ సగానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలతో ఎంత పొడవైన పాస్‌వర్డ్ అయినా బయటపడుతుంది. ఈ లోపం 2011లో వెల్లడైంది. అయినా ఆ బటన్ ఉన్న రౌటర్లు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి.

నెట్‌వర్క్ పేరు దాచిపెట్టడం, పరికరాల మ్యాక్ అడ్రస్‌ల (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు సంఖ్యల) జాబితా పెట్టడం అనే రెండింటికీ సమయం వృథా చేయకండి. పేరు దాచితే, మీ ల్యాప్‌టాప్ వెళ్ళిన ప్రతిచోటా ఆ పేరు పెట్టి పిలుస్తూ తానే బయటపెడుతుంది. మ్యాక్ అడ్రస్ గాలిలో అందరికీ కనిపించేదే, దాన్ని అనుకరించడానికి ఒక్క కమాండ్ చాలు. దానికి బదులు రౌటర్ అడ్మిన్ పేజీ పాస్‌వర్డ్ మార్చండి, బయటి నుంచి నిర్వహించే సౌకర్యం ఆపండి, రౌటర్ ఫర్మ్‌వేర్‌కు అప్‌డేట్ ఉందేమో చూడండి.

రౌటర్, కార్డు రెండూ డబ్ల్యూపీఏ3కు సిద్ధంగా ఉంటే ల్యాప్‌టాప్‌కు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పవచ్చు. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై’ అని, కనెక్షన్ పేరు, తరువాత ‘వైఫై డ్యాష్ సెక్ చుక్క కీ డ్యాష్ ఎంజీఎంటీ’, చివర ‘ఎస్‌ఏఈ’ అని ఇస్తే, అదే పేరుతో బలహీనమైన నెట్‌వర్క్ ఎవరైనా పెట్టినా మీ ల్యాప్‌టాప్ దానికి దిగదు. డబ్ల్యూపీఏ3 పాస్‌వర్డ్ సరిచూసే ఈ ఎస్‌ఏఈ పద్ధతిలో ప్రతి ఊహకూ రౌటర్‌తో నేరుగా మాట్లాడాల్సిందే కనుక, పైన చెప్పిన ఇంటికి తీసుకుపోయి పోల్చే ఉపాయం చెల్లదు.

ల్యాప్‌టాప్ వైపు

అన్నిటికంటే ముందు అప్‌డేట్‌లు. 2017 అక్టోబరులో బయటపడిన క్రాక్ అనే లోపం డబ్ల్యూపీఏ2 రూపకల్పనలోనే ఉన్నా, దాని దెబ్బ ఎక్కువగా తగిలింది లైనక్స్, ఆండ్రాయిడ్ వాడే డబ్ల్యూపీఏ సప్లికెంట్‌కు. అప్పటి వెర్షన్లను మోసగిస్తే అన్నీ సున్నాలే ఉన్న తాళం చెవిని వేసుకునేవి. ఒక్క అప్‌డేట్‌తో అది సరైంది, కానీ అప్‌డేట్ చేసుకున్నవారికి మాత్రమే.

తరువాత, నెట్‌వర్క్‌లో మిగతావారికి మీ యంత్రం ఏయే తలుపులు తెరిచి ఉంచిందో చూడండి:

సుడో ఎస్‌ఎస్ డ్యాష్ టీయూఎల్‌పీఎన్

ఇందులో 127.0.0.1 అని ఉన్నవి మీ యంత్రం లోపలికే పరిమితం. 0.0.0.0 అని ఉన్నవి అదే వైఫైలో ఉన్న ఎవరికైనా అందుబాటులో ఉంటాయి. డేటాబేస్‌లు, పరీక్ష కోసం నడిపే వెబ్ సర్వర్లు ఈ జాబితాలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఆపండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది కానీ మొదట ఆపి ఉంటుంది. ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్’ అంటే బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకోవడం మొదలవుతుంది. ఆ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి వస్తుంటే, అంతకుముందే ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఎస్‌ఎస్‌హెచ్’ ఇవ్వకపోతే మీ తలుపు మీరే వేసుకున్నవారవుతారు. డాకర్ వాడేవారు గమనించాలి: డాకర్ బయటకు తెరిచిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూను దాటి వెళ్ళిపోతాయి, కాబట్టి పోర్టుకు ముందు 127.0.0.1 చేర్చి తెరవాలి. ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో ఫైర్‌వాల్ నడుస్తూనే ఉంటుంది కానీ 1025 నుంచి పై పోర్టులన్నీ తెరిచి ఉంచుతుంది. బయటి వైఫైకి కలిసినప్పుడు ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై’ అని, కనెక్షన్ పేరు, ‘కనెక్షన్ చుక్క జోన్’, ‘పబ్లిక్’ అని ఇచ్చి మళ్ళీ కలవండి.

దాచుకున్న పాస్‌వర్డ్‌లు నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డరులోని ‘సిస్టమ్ కనెక్షన్స్’ ఫోల్డరులో (ఉబుంటు 23.10 నుంచి ఈటీసీలోని ‘నెట్‌ప్లాన్’ ఫోల్డరులో) మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. రూట్ (సిస్టమ్ నిర్వాహకుడి ఖాతా) తప్ప ఎవరూ చదవలేరు కానీ, డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేకపోతే ల్యాప్‌టాప్ దొంగిలించినవాడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చదువుకోగలడు. తరువాత ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి.

విశ్వవిద్యాలయాల్లో ఎడ్యురోమ్ వంటి వైఫై వాడే విద్యార్థులు, ఇక్కడైనా విదేశాల్లోనైనా, ‘సీఏ సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని సరిచూసుకునే ఫైలు) అవసరం లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి పని కానిచ్చేస్తుంటారు. ఆ టిక్కుతో మీ ల్యాప్‌టాప్ అదే పేరుతో నిలబడిన ఏ నకిలీ రౌటర్‌కైనా మీ యూనివర్సిటీ లాగిన్‌ను అందించే ప్రమాదం ఉంది. సర్టిఫికెట్‌ను మీ ఐటీ విభాగం పేజీ నుంచి తెచ్చుకుని, సర్వర్ డొమైన్ పేరు కూడా నింపండి.

చివరగా ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ షో’ అని కొట్టండి. ఎప్పుడో ఒక పెళ్ళికి వెళ్ళి వాడిన హోటల్ వైఫై, ఖాళీ చేసిన హాస్టల్ వైఫై, పాస్‌వర్డే లేని కాఫీ షాపు వైఫై అందులో వరుసగా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ పేరుతో ఎవరు రౌటర్ పెట్టినా మీ ల్యాప్‌టాప్ అడగకుండానే కలుస్తుంది. అక్కరలేనివాటిని డిలీట్ చేయండి. మళ్ళీ వాడే అవకాశమున్నవాటికి ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై’, పేరు, ‘కనెక్షన్ చుక్క ఆటోకనెక్ట్’, ‘నో’ అని పెట్టండి. వాటికి ‘వైఫై చుక్క క్లోన్డ్ డ్యాష్ మ్యాక్ డ్యాష్ అడ్రస్’, ‘ర్యాండమ్’ అని కూడా పెడితే, కలిసిన ప్రతిసారీ మీ ల్యాప్‌టాప్ కొత్త మ్యాక్ అడ్రస్‌తో కనిపిస్తుంది. మీ ఇంటి రౌటర్‌లో ఒక్కో పరికరానికి అడ్రస్ కేటాయించి ఉంటే మాత్రం ఇంటి కనెక్షన్‌కు ఈ మార్పు చేయకండి.